పూర్తి శిక్ష

జౌల్ సఈద్,
సెప్టెంబర్ 18, 2011

ముజ్నా అక్కకి, యిస్లమ్ బావకి, మా మేనకోడలు నజాత్‌కి సలాములు.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, గాలియ నడుం నొప్పి తప్ప. ఫోన్ ఎత్తడం లేదని నామీద అలిగి ఉంటావు. ఎత్తాలంటే అది ముందు మోగాలి కదా. టవర్ దగ్గర జనరేటర్‌ని ఎవరో ఎత్తుకుపోయారు. ఎవరో ఏమిటిలే, దాని కాపలావాడే. అందుకని ఇకమీద ఉత్తరాలే. ఫరజ్ తేనె వేసుకుని ఏడెన్‌కి లారీ తోలినప్పుడల్లా తెచ్చిస్తాడు. వాడికి టీ పొయ్యి, కానీ ఊరి కబుర్లు మాత్రం అడక్కు. సగం కల్పిస్తాడు.

ఊళ్ళోకి నల్లజెండా వాళ్ళు వచ్చారు. కంగారుపడకు, ముందు నేనూ కంగారుపడ్డాను. పెద్దవాళ్ళు కనబడితే "బాబాయ్" అని పలకరిస్తున్నారు. ఎండాకాలం అంతా మూలపడి ఉన్న నీళ్ళ మోటారు బాగుచేయించారు. రోడ్డు మీద మలుపుకొకడు తుపాకీ చూపించి తేనె డబ్బాలు దింపించుకునేవాడు గుర్తుందా? ఇప్పుడు ఒక్కడు లేడు. సర్కారు వాళ్ళ సంగతి నీకు తెలిసిందే. జడ్జిగారు నిరుడు రంజాన్‌కి సెలవు పెట్టి వెళ్ళి మళ్ళీ రాలేదు. పోలీస్ స్టేషన్‌లో బా కర్వాన్ ఇంటివాళ్ళు మేకల్ని కట్టేస్తున్నారు.

ఇంకో కబురు చెప్పాలంటే కడుపు మండుతోంది. రేగు పూత మొదలవబోతుండగా నా తేనెపెట్టెలు ఐదు పోయాయి. అన్నీ మంచి రాణి ఈగలున్న పెట్టెలు, ఎవడో వెతికి వెతికి ఎత్తుకెళ్ళాడు. కొత్తవాళ్ళ ఖాజీకి చెబుదామా అని చూస్తున్నాను.

మబ్ఖూత్ నీకు సలాం చెప్పమన్నాడు. నా దగ్గరే తేనెటీగల పని చూస్తున్నాడు. పనిలో వంక పెట్టలేను కానీ మనసంతా మోటార్‌సైకిల్ మీదే. నీ పాలు తాగి పెరిగినవాడు కదా, ఆ షోకు అక్కణ్ణుంచే వచ్చుంటుంది.

నీ తమ్ముడు,
అవద్


ఏడెన్,
అక్టోబర్ 1

ఒరేయ్ అవద్,

నిన్నూ నా మరదలినీ ఆ దేవుడు చల్లగా చూడాలి. గాలియ నడుముకి ఆముదం రాయమను, నీళ్ళ బిందెలు నువ్వు మొయ్యి.

ఇక్కడ రోజులో సగం కరెంటు లేదు. ఈ ఉక్కలో మీ బావ తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చుంటున్నాడు. పోర్టులో ఓడలు రావడం లేదు, ఉద్యోగం ఉన్నట్టో లేనట్టో ఆయనకే తెలీదు. ఎవరిని అడుగుదామన్నా ఆఫీసులో ఎవరూ ఉండరు. కాబట్టి జడ్జి పారిపోయాడని నువ్వు చెప్పింది నాకేం వింత కాదు. కానీ నీ కొత్త మనుషుల్ని మరీ నెత్తికెక్కించుకోకు. కొత్తల్లుడు కూడా మొదటి వారం అత్తగారికి నీళ్ళు తోడిపెడతాడు.

తేనెపెట్టెల సంగతి మాత్రం వదలకు. అది బా కర్వాన్ వాళ్ళ పనే, రాసిపెట్టుకో. నీతో వచ్చిన చిక్కేమిటంటే అడగకముందే క్షమించేస్తావు. అందుకే అందరికీ లోకువైపోయావు. నాన్న ఎలా చేసేవాడు? ఒకడు మన ఒంటెని పొడిచినప్పుడు పెద్దల ముందు కూర్చుని శిక్ష పూర్తిగా పడాలని పట్టుబట్టాడు. పెద్దలు పదకొండు ఎద్దులు విధించారు. అవతలివాళ్ళ మొహాలు పాలిపోయాయి. అప్పుడు లేచి దేవుడి పేరు మీద సగం వదిలాడు, వచ్చిన చుట్టాల పేరు మీద ఇంకొన్ని వదిలాడు, తీర్పు చెప్పిన పెద్దాయన గడ్డానికి గౌరవంగా ఇంకొన్ని. చివరికి ఒక్క ఎద్దు మిగిలింది, దాన్ని కోసి రెండిళ్ళవాళ్ళూ ఒకే పళ్ళెంలో తిన్నారు. మన దగ్గర పరువు నిలబెట్టుకునే పద్ధతి అదీ. కాబట్టి నువ్వూ పూర్తిగా అడుగు. కొంచెం కూడా తగ్గకు. తర్వాత ఎంత క్షమిస్తావో క్షమించు, అది నీ మంచితనం.

నా మబ్ఖూత్‌కి ముద్దులు. ఎంత పెద్దవాడైతే మాత్రం ఏం, తల్లి పోయిన ఆ పసిగుడ్డుని ఓ పక్కా, నజాత్‌ని ఓ పక్కా వేసుకుని పడుకున్నదాన్ని నేను. మన దగ్గర పాలిచ్చినా తల్లే కదా.

నీ అక్క,
ముజ్నా


జౌల్ సఈద్,
అక్టోబర్ 12

అక్కా, నీ నోటికి దండం.

దొంగ దొరికాడు! కొత్తవాళ్ళ కుర్రాళ్ళు పక్క ఊరి సంతలో పెట్టెలతో సహా పట్టుకున్నారు. ఒప్పుకున్నాడు కూడా. ఎవరని మాత్రం అడక్కు. ఊళ్ళోవాడే, నువ్వు అనుకున్నవాళ్ళే అనుకో. పేరు రాస్తే ఏడెన్ నుంచే నా చెవి మెలిపెడతావు.

అచ్చం నువ్వు చెప్పినట్టే చేశాను. వాళ్ళ ఖాజీ అబూ సుఫ్యాన్ అని, ఎక్కడి దేశంవాడో, మన యాస కూడా సరిగా పట్టుబడలేదు. నెమ్మదస్తుడు. "ఫిర్యాదు నిలబెట్టుకుంటావా?" అని అడిగాడు. నిలబెట్టుకుంటానన్నాను. "ఆలోచించుకున్నావా?" అన్నాడు. మన పెద్దలు కూడా అలాగే బతిమాలతారు కదా, అడిగేవాడు బిగిసేకొద్దీ వాడికి విలువ. నేను ఇంకా బిగుసుకుని, "శిక్ష పూర్తిగా పడాల్సిందే" అన్నాను. మూడోసారి అడిగితే గొంతు కూడా పెంచాను. నన్ను నువ్వు చూడాల్సింది, నాన్నే దిగివచ్చాడనుకునేదానివి.

దొంగతనానికి చెయ్యి తీసెయ్యాలి అని తీర్పు చెప్పారు. శుక్రవారం నమాజు తర్వాత మైదానంలో అందరూ చేరతారు. అప్పుడు నేను లేచి దేవుడి పేరు మీద సగం, చుట్టాల పేరు మీద సగం... మాటలన్నీ కట్టిపెట్టుకున్నాను. ఎద్దుని దొడ్లో కట్టేశాను. గాలియ బియ్యం ఏరుతోంది. నడుం నొప్పి ఎటు పోయిందో మరి! ఆ కుర్రవాడు సిగ్గుతో తల వంచుకుని నా పళ్ళెంలో తింటాడు, మళ్ళీ ఎవడి పెట్టె ముట్టుకోడు. ఊరంతా ఇదే అనుకుంటోంది.

నువ్వు కూడా ఉంటే బాగుండేది.

అవద్


ఏడెన్,
అక్టోబర్ 20

శూరుడైన నా తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి మీ బావకి వినిపిస్తూ పడీపడీ నవ్వాను. శుక్రవారం దాటిపోయింది, ఎద్దు అరిగిపోయి ఉంటుంది. నా వాటా మాంసం ఎటూ రాదు, రేగు తేనె అన్నా ఒక డబ్బా పంపు. ఇంతకీ బా కర్వాన్ వాళ్ళలో ఎవడు? ఆ మెల్లకన్ను వాడా?

ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. "ఆ ఖాజీకి మన పద్ధతి తెలుసా?" అన్నాడు. ఉద్యోగం లేక మనిషికి అన్నిట్లోనూ అనుమానమే. తెలియకుండా తీర్పులెలా చెప్తాడండీ అన్నాను.

తేనె కోత అయ్యాక మబ్ఖూత్‌ని ఇక్కడికి పంపు. మా వీధి చివర మోటార్‌సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది, ఆయనతో మాట్లాడాను. "చేతులు చురుగ్గా ఉంటే చాలమ్మా, నేర్పిస్తాను" అన్నాడు. ఈ మాట వాడికి చెప్పు, ఎగిరి గంతేస్తాడు. నజాత్ పెళ్ళి కూడా కుదిరేలా ఉంది. అన్నగా వాడే ముందుండాలి.

మీ అక్క,
ముజ్నా


జౌల్ సఈద్,
అక్టోబర్ 23

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. నేను దానికి ముందే రాయాల్సింది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఆ దొంగ మబ్ఖూత్.

మోటార్‌సైకిల్ కోసం తీశాడు. వాడి పేరు చెబితే నువ్వు ఏడుస్తావు, ఎలాగూ క్షమించేవాడినే కదా, అంతా అయ్యాక నవ్వుకుంటూ చెబుదాం అనుకున్నాను. అదీ నా తెలివి.

శుక్రవారం మైదానానికి ఊరు ఊరంతా వచ్చింది. పిల్లలు గోడలెక్కారు. వాణ్ణి తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. భయపడలేదక్కా. వాడూ మన ఊరివాడే కదా, ఏం జరుగుతుందో వాడికీ తెలుసు. నా వైపు చూసి నవ్వాడు. "కానియ్యి మామా, ఆకలేస్తోంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. చెయ్యి వాడంతట వాడే చాపాడు.

నేను లేచాను. "దేవుడి పేరు మీద సగం వదిలేస్తున్నాను" అన్నాను. ఖాజీకి అర్థం కాలేదు. "దేన్ని వదిలేస్తున్నావు?" అన్నాడు. "శిక్షని. మిగతా సగం ఇక్కడ చేరిన పెద్దల పేరు మీద వదిలేస్తున్నాను. వాడు నా మేనల్లుడు. ఎద్దుని కట్టేశాను, అందరూ మా ఇంటికి రండి" అన్నాను. ఆయన కోప్పడలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "ఫిర్యాదు ఖాయం చెయ్యకముందే క్షమించాల్సింది. అందుకే నిన్ను మూడుసార్లు అడిగాను. మా ముందు ఖాయమయ్యాక అది దేవుడిది. నువ్వు ఇచ్చేదీ లేదు, తీసుకునేదీ లేదు" అన్నాడు.

అక్కా, ఆయన నిజంగానే నాకు తప్పుకునే దారి చూపించాడు. నేనే ప్రతిసారీ ఛాతీ విరుచుకుని తలుపు మూసుకున్నాను.

తలపాగా తీసి ఆయన కాళ్ళ దగ్గర వేశాను. పెద్దవాళ్ళు చాలామంది వేశారు, బా కర్వాన్ వాళ్ళ ముసలాయన కూడా వేశాడు. వాళ్ళు వాటిని తుపాకీ మొనతో పక్కకి జరిపారు. మబ్ఖూత్ అప్పటికి కూడా నా నోటివైపే చూస్తున్నాడు, నేను ఇంకేదో మాట మర్చిపోయానన్నట్టు.

కుడి చెయ్యి. వాడి అరుపు గురించి రాయలేను.

ఎద్దు దొడ్లోనే ఉంది. గాలియ నాతో మాట్లాడటం లేదు.

అవద్


ఏడెన్,
నవంబర్ 2

అవద్‌కి,

నీకు సలాం కూడా రాయబుద్ధి కావడం లేదు.

నీ ఉత్తరం నజాత్ చదివి వినిపించింది. మధ్యలో ఆపేస్తే నేను లాక్కుని చదివాను. నిన్ను తిట్టాలని కూర్చున్నాను. కానీ పూర్తిగా అడుగు, కొంచెం కూడా తగ్గకు అని రాసింది నేను. నువ్వు పేరు దాచావు. నేను పేరు తెలియకుండానే శిక్ష వేశాను. మెల్లకన్ను వాడిది అయితే పరవాలేదనుకున్నానా? అనుకున్నాను. అది కూడా ఒక తల్లి కన్న చెయ్యే కదా.

వాడికి జ్వరం ఉందా? ఎవరు కట్టు కడుతున్నారు? ముద్ద ఎలా తింటున్నాడు? నువ్వు ఇవేవీ రాయలేదు. నీ ఏడుపే రాశావు.

ముజ్నా


జౌల్ సఈద్,
డిసెంబర్ 5

అక్కా, నీ చేతిలో తిట్లు తినడానికి నేను తయారే. ముందు ఇది చదువు.

గాయం మానింది. కట్టు కట్టింది వాళ్ళే. ఆ మనుషులే. వాళ్ళ డాక్టర్ రోజూ వచ్చాడు, మన ఊరు పదేళ్ళలో చూడని మందులు తెచ్చాడు. ఖాజీ వచ్చి వాడి నుదురు ముద్దుపెట్టుకుని, "నీ పాపం కడిగేసుకున్నావు, ఇప్పుడు నువ్వు మా అందరికన్నా శుభ్రం" అన్నాడు. పోయినవారం మోటార్‌సైకిల్ తెచ్చి గుమ్మం ముందు పెట్టారు. కొత్తది. ఒక చేత్తో నడిపేలా మార్పించారు.

ఊరివాళ్ళం మేమేం చేశాం? వాడు ఎదురైతే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్క సందులోకి తిరిగిపోతున్నాం. నేను పళ్ళెం పట్టుకెళితే తలుపు తియ్యడు. వాళ్ళు తలుపు తోసుకుని వెళ్ళి పక్కన కూర్చుంటున్నారు. వాళ్ళ పాఠాలకి వెళ్ళడం మొదలుపెట్టాడు. నిన్న వాళ్ళ చెక్‌పోస్టు దగ్గర ఎడం భుజానికి తుపాకీ తగిలించుకుని నిలబడ్డాడని ఫరజ్ చెప్పాడు. ఇది మాత్రం వాడి కల్పన కాదు, నేనూ చూశాను.

నన్ను చూసి కూడా వాళ్ళు లేచి నిలబడుతున్నారు. మొన్న శుక్రవారం నమాజులో ఖుత్బా ప్రసంగంలో నా పేరు చెప్పారు, సొంత మనిషినైనా చట్టానికి అప్పగించినవాడని. ఆ మాట విని పక్క ఊళ్ళ నుంచి ఇద్దరు ఫిర్యాదులు పట్టుకుని మా ఇంటికే వచ్చారు. ఫిర్యాదు ఇవ్వకండిరా నాయనా అని కాళ్ళు పట్టుకుని పంపేశాను.

సైన్యం వస్తుందంటున్నారు. వస్తే ముందు ఆ చెక్‌పోస్టులే పోతాయి. వాణ్ణి నువ్వు పిలువు. నా మాట వినడు, నీ మాట కాదనడు.

అవద్


ఏడెన్,
డిసెంబర్ 19

అవద్,

ముందు నాకు ఒళ్ళు మండింది. కళ్ళెదుట ఉంటే నీకు నిద్రపట్టక, వాణ్ణి నా దగ్గరికి తోసేద్దామని చూస్తున్నావనుకున్నాను. ఆ మాటే మీ బావతో అంటే, "ఎందుకు పంపితేనేం, రానియ్యవే" అన్నాడు.

దీంతో పాటు ఉన్న కాగితం మబ్ఖూత్‌ది. విప్పకుండా ఇవ్వు. నజాత్ పెళ్ళి జనవరి చివర్లో. అన్న లేకుండా ఇల్లు దాటనని అది మొండికేసింది. నిజంగానే మొండికేసింది, వాడి కోసం కట్టిన మాట కాదు.

షెడ్డు ఆయనతో మళ్ళీ మాట్లాడాను. "ఎడం చేత్తో స్పానర్ తిప్పేవాళ్ళని చూశానమ్మా, రమ్మను" అన్నాడు.

ముజ్నా


ఏడెన్,
జనవరి 16, 2012

అవద్,

మబ్ఖూత్ బయలుదేరాడని నువ్వు ఫరజ్‌తో చెప్పి పంపిన మాట అందింది. వాడు మాత్రం ఇంటికి చేరలేదు.

ఏడెన్ గేటు దగ్గర సైనికులు లారీ ఆపారు. మన షబ్వా జిల్లా నుంచి వస్తున్న కుర్రవాడు, ఇరవై ఏళ్ళవాడు, కుడి చెయ్యి లేదు. బాంబు కడుతుంటే పోయిందన్నారు. దించేశారు. ఫరజ్ ఎంత చెప్పినా వినలేదు, నువ్వూ వాళ్ళ మనిషివేనా అని వాడికీ రెండు తగిలించారు.

నాలుగు రోజులు తిరిగితే ఏ జైలో తెలిసింది. లోపలికి రానివ్వలేదు. అక్కడి ఆఫీసర్ పరవాలేదు, కుర్చీ వేయించాడు. నేను జరిగిందంతా చెప్పాను. "అమ్మా, ఇక్కడికొచ్చే ప్రతి తల్లీ ఒక కథ చెబుతుంది. ఆ చెయ్యి శిక్షగా పోయిందని చూసినవాడు వచ్చి సంతకం పెట్టాలి. ఊరికే చూసినవాడు కూడా కాదు, ఫిర్యాదు ఇచ్చినవాడు" అన్నాడు. వస్తే ఏమవుతుందని మీ బావ అడిగాడు. ఆఫీసర్ ఫ్యాన్ వైపు చూసి, "వాళ్ళ కోర్టుకి వెళ్ళినవాళ్ళ మీద మాకు వేరే ఆర్డర్లు ఉన్నాయి" అన్నాడు.

సర్కారు ఉన్నప్పుడు నువ్వు దాని కోర్టుకి వెళ్ళావు. అది లేచిపోయాక ఇంకోదానికి వెళ్ళావు. ఇప్పుడు ఇది తిరిగొచ్చి ఎందుకెళ్ళావని అడుగుతోంది.

రమ్మని నేను రాయలేను. రావద్దని కూడా రాయలేను. నాకున్నది ఒక్కడే తమ్ముడు. గాలియ మొహం గుర్తొస్తోంది. కానీ రాత్రిళ్ళు వాణ్ణి ఏం చేస్తున్నారో అన్న ఆలోచన నన్ను తినేస్తోంది. అక్కడి వాళ్ళకి వాడు దొంగ, ఇక్కడి వాళ్ళకి హంతకుడు. వాడు ఐదు తేనెపెట్టెలు తీశాడు, అంతే.

ముజ్నా


జౌల్ సఈద్,
జనవరి 24

అక్కా,

ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు రాశావు? "రా" అంటే సరిపోయేది.

ఫరజ్ మంగళవారం బయలుదేరతాడు, వాడితో వస్తున్నాను. ఈగల్ని బా కర్వాన్ వాళ్ళ ముసలాయనకి అప్పగించాను. ఆయనే వచ్చి అడిగాడు. గాలియ రొట్టెలు కట్టింది. ఇన్నాళ్ళకి మాట్లాడింది కూడా. "అక్కడ ఛాతీ విరుచుకుని మాట్లాడకు, అడిగినదానికే జవాబు చెప్పు" అంది.

అవద్


ఏడెన్,
మార్చి 4

నా తమ్ముడు అవద్‌కి,

జైలు కాపలావాడు ఈ కాగితం నీకు ఇస్తానని ఒట్టు పెట్టాడు. ఇస్తాడనే అనుకుంటున్నాను, వాడి పిల్లలకి తేనె ఇచ్చాను.

మబ్ఖూత్ ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. చిక్కిపోయాడు. మొదట్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు. నజాత్ తన పెళ్ళిని వాడి కోసం ఆపిందని తెలిసి లేచి స్నానం చేశాడు. షెడ్డుకి వెళుతున్నాడు. నీ గురించి నేను ఎత్తలేదు. మీ బావే ఒక సాయంత్రం జరిగిందంతా చెప్పాడు. నువ్వు ఆ గదిలో నిలబడి, "నేనే ఫిర్యాదు ఇచ్చాను, నేనే మూడుసార్లు పూర్తి శిక్ష కావాలన్నాను, వాడు బాంబు చూసి కూడా ఎరగడు" అని చెప్పి సంతకం పెట్టిన సంగతీ, పెట్టిన చేతికే బేడీ వేసిన సంగతీ చెప్పాడు. వాడు విని బయటికెళ్ళి కూర్చున్నాడు.

నీ కేసు ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పడం లేదు. ఆ ఆఫీసర్‌ని కూడా ఎక్కడికో మార్చేశారు. కొత్తాయన ఇంకా రాలేదట. మేం తిరుగుతూనే ఉన్నాం, నువ్వు ధైర్యం చెడకు. గాలియని ఇక్కడికి రమ్మని కబురు పెట్టాను.

నీకు రోజూ అన్నం నేను తెస్తున్నాను కదా. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఈ పొద్దున బుట్ట సర్దుతుంటే మబ్ఖూత్ వచ్చి, "రేపటి నుంచి మామకి నేను పట్టుకెళతాను" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. క్షమించావా నాన్నా అని అడిగాను. "లేదు. ఆ మాట ఉత్తరంలో రాయి, లేకపోతే నేను వెళ్ళినప్పుడు ఆయన ఏదేదో అనుకుంటాడు" అన్నాడు.

అందుకని రాశాను. రేపు మధ్యాహ్నం వస్తాడు. చేపల పులుసూ రొట్టే తెస్తాడు. తిను.

నీ అక్క,
ముజ్నా